నాకు పెట్టని మందుకూడు

ఆడి గాలి, అంటే ఆషాఢ మాసపు గాలి, మొదలైతే కోయంబత్తూరులో కిటికీలు మూసినా మూసినట్టు ఉండవు. పాలక్కాడు కనుమలోంచి దూసుకొచ్చే ఆ గాలి తలుపు సందుల్లో దూరి, ఎక్కడెక్కడి పుప్పొడినో, రోడ్డు దుమ్మునో తెచ్చి మన ముక్కులో పోసి పోతుంది. యాభై ఏళ్ళు నిండేదాకా నాకు ఆ గాలితో తగాదా లేదు. ఇప్పుడు నాలుగేళ్ళుగా ఈ నెల వచ్చిందంటే పొద్దున లేవగానే వరసగా పదీ పదిహేను తుమ్ములు, కళ్ళ దురద, ముక్కు కొస ఎర్రగా మిరపపండులా. డాక్టరు చేతి మీద సూదులతో గుచ్చి చూసి అలర్జీ అన్నాడు, మాత్ర రాశాడు. పక్కింటావిడ అంతటితో ఊరుకోదు, రోజుకొక జాబితా ఫోనులో పంపుతుంది: జామపండు తినండి, ఉసిరికాయ తినండి, పెరుగు మానకండి, పసుపు పాలు తాగండి, ఇమ్యూనిటీ పెంచుకోండి. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చదివినదాన్ని. అలర్జీ అంటే ఒంటికి కాపలా తక్కువై వచ్చేది కాదమ్మా, కాపలా కుక్క పాలవాణ్ణి చూసి కూడా మొరగడం, ఆ కుక్కకి ఇంకా మాంసం పెట్టమంటావా అని మెట్ల మీద నిలబెట్టి వాదించాను. ఆవిడ అంతా విని, తల ఊపి, మర్నాడు కూడా జాబితా పంపింది.

అలాంటి ఒక ఉదయం మా అక్క సరోజ తేని పట్టణం నుంచి వచ్చింది. గాంధీపురం బస్టాండుకి ఆటోలో వెళ్ళి నేనే తీసుకొచ్చాను, దారి పొడుగునా తుమ్ముతూ. అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. చిన్నప్పుడు ఈ గాలి వస్తే మంచం పట్టేది తనే. ఇప్పుడు అరవైకి దగ్గరపడి, చెంపల్లో రక్తం తొణికిసలాడుతూ, నా తుమ్ములు లెక్కపెడుతూ కూర్చుంది. ఇంటికి రాగానే సంచీలోంచి స్టీలు డబ్బా తీసి వంటింటి గట్టు మీద పెట్టింది. మూత తీస్తే ఆకుపచ్చకీ బూడిద రంగుకీ మధ్య రంగులో ఏదో పొడి.

"జయా, ఇది అవ్వ ఆ దినాల్లో చేస్తా ఉండిన పొడి. మూడు తూర్లు చేసినా, వచ్చేదే లేదు. కొంచెం నాలిక మీద వేసుకోని చెప్పు, ఏమి తక్కువగా ఉండాదో" అంది.

వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను. కాసేపు కళ్ళు మూసుకుని, పెద్ద తెలిసినదానిలా, "ఉప్పు" అన్నాను.

"ఉప్పు సరిగ్గా ఉండాదే."

"అయితే కారం."

"నీకు తెలీదా ఏమి ఆ రుచి? ఎప్పుడూ అవ్వ పక్కన నువ్వుదా కూర్చోని ఉంటివి!"

నాకు ఆ రుచి తెలియదు. పక్కన కూర్చున్నది నేనే, నిజం. కానీ ఆ పొడి ఒక్క మెతుకుకి అంటినంత కూడా నా నోటిదాకా రాలేదు. ఆ మాట అక్కతో చెప్పడానికి అహం అడ్డొచ్చింది. తుమ్ము వచ్చినట్టు నటించి అవతలికి వెళ్ళాను. నటించనక్కర్లేకుండానే వచ్చింది.

మదురై జిల్లా వాడిపట్టి దగ్గర మా ఊళ్ళో కూడా ఆ గాలి ఇలాగే వచ్చేది, కాకపోతే అక్కడ దానికి అడ్డం ఉండేది కాదు. పొలాల మీదుగా వచ్చి, జొన్న పూత దులిపి, కళ్ళాల్లో పొట్టు లేపి, మా వాకిట్లో తిరుగుడు కట్టి ఆడేది. మొదటి రోజు సాయంత్రానికల్లా అక్క మెడ కింద గుంటలు లోపలికి పోయేవి. ఊపిరి తీస్తే పిల్లనగోవి పాడైపోయినట్టు ఒక చప్పుడు. అప్పుడు ఇల్లంతా మారిపోయేది. వెనకటి గది కిటికీకి గోనెపట్టా, అక్క తల కింద రెండు దిండ్లు, అవ్వ చేతిలో కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె. ఆ నూనె వాసన ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటాయి. అక్కకి బడి లేదు. అక్క తల దువ్వుకోనక్కర్లేదు. అక్క పక్కన అవ్వ పడుకునేది. తతిమ్మా పది నెలలూ అవ్వ పక్కన నేను పడుకునే చోటు అది.

అన్నిటికన్నా పెద్ద మార్పు పొయ్యి దగ్గర. మామూలు రోజుల్లో మా ఇంట్లో పొద్దున అందరికీ ఒకటే, సద్దికూడు, మజ్జిగ, నంజుకోవడానికి ఉల్లిపాయ. గాలి నెలలో అక్కకి మాత్రం వేరే చిన్న సట్టి, వేరే గరిటె, పొయ్యి మీద అప్పుడే దించిన తెల్లటి అన్నం. దాన్ని కంచు గిన్నెలో పోసి, మధ్యలో గుంట చేసి, ఆ పొడి రెండు చెంచాలు వేసి, పైన నెయ్యి. ఎంత నెయ్యి! మా తాత సైతం అడిగితే "పండగకి తిందువులే" అని చెప్పే అవ్వ, అక్క గిన్నెలో మాత్రం చెంచా వంచి, అది కారడం ఆగేదాకా పట్టుకునేది. వేడి అన్నం మీద నెయ్యి పడితే వచ్చే వాసన, పొడిలోని మిరియాల ఘాటు కలిసి వాకిట్లో ఉన్న నా దగ్గరికి వచ్చేవి. నేను సద్దికూడు గిన్నెలో నీళ్ళు కలుపుకుంటూ అక్క నోరు తెరవడం చూసేదాన్ని. ముద్ద ముద్దకీ తెరిచేది. అవ్వ చెయ్యి ఆ నోట్లోకి వెళ్ళి ఖాళీగా వచ్చేది.

దాన్ని మందుకూడు అనేవాళ్ళు. మందుకూటికి మా ఇళ్ళల్లో ఒక కట్టు ఉండేది: జబ్బు మనిషి తప్ప ఇంకెవరూ దాని మీద నాలుక పెట్టకూడదు. పెడితే గుణం పంచుకుపోతుందట. వండిన మనిషి సైతం ఉప్పు చూడకూడదు. అందుకని అవ్వ మొదటి ముద్ద అక్క నోట్లో పెట్టి, "చాలునా తంగం?" అని అడిగేది. తంగం అంటే బంగారం. ఆ ఇంట్లో పదేళ్ళకీ పదకొండేళ్ళకీ ఉప్పు గురించి అభిప్రాయం చెప్పే అధికారం ఉన్న ఏకైక మనిషి మా అక్క. నేను ఒకసారి, "నాకూ ఒక ముద్ద, ఒకటే" అని అడిగాను. అవ్వ నన్ను చూడలేదు కూడా. "దానికేమి, గట్టి పిల్ల" అంది గిన్నెతో. అదే నాకు ఆ ఇంట్లో దొరికిన బిరుదు. గట్టి పిల్లలకి నెయ్యి పొయ్యరు. గట్టి పిల్లలకి పని చెబుతారు.

పని అంటే ఆ పొడి పనే. కంచె మీద పాకే ఒక ముళ్ళతీగ ఆకు దానికి ముఖ్యం. పుస్తకాల్లో దానికి ముండ్లముస్తె అని పేరు ఉందని నాకు కాలేజీకి పోయాక తెలిసింది, మా ఇంట్లో తమిళంలో లాగే తూదువళై అనేవాళ్ళం. ఊదారంగు పువ్వు, చూడడానికి ముద్దుగా ఉంటుంది. కాడకి ముళ్ళు, కొమ్మకి ముళ్ళు, అది చాలదన్నట్టు ఆకు వెనక నరం మీద కూడా సన్నటి ముళ్ళు, పిల్లి గోళ్ళలా వంకర తిరిగి. ఆకుని తిరగేసి, కొస నుంచి కాడ వైపుకి కాకుండా కాడ నుంచి కొసకి గోటితో నరాన్ని లాగితే ముళ్ళన్నీ ఒక దారంలా ఊడొస్తాయి. అటుది ఇటు చేస్తే గోటి కిందికి పోతాయి. ఇది అవ్వ నాకు చెప్పలేదు, నా గోళ్ళు చెప్పాయి. గంటలకొద్దీ చేట ముందు కూర్చుని వలిచేదాన్ని. తరవాత ఆకుని నీడన ఆరబెట్టడం. మిరియాలని పొద్దున పుల్లటి మజ్జిగలో నానేసి, మధ్యాహ్నం తీసి, నులకమంచం మీద తెల్లగుడ్డ పరిచి ఎండబెట్టడం. ఆ గుడ్డ నాలుగు మూలలా రాళ్ళు పెట్టినా గాలికి లేచేది. కోళ్ళు మంచం ఎక్కేవి. అందుకని కర్ర పట్టుకుని నేను కాపలా, ఆ దుమ్ములో, ఆ పూతలో. అక్కని మంచాన పడేసిన గాలే నా ముఖం మీద ఎంత కొట్టినా ఒక్క తుమ్ము కూడా రాలేదు. ఎన్ని రోజులు ప్రయత్నించానో నాకు తెలుసు. గాలి వైపు తిరిగి, ముక్కు ఎత్తి, నోరు తెరిచి నిలబడేదాన్ని. ఏమీ లేదు.

చివరికి ఒక రోజు తాత ముక్కుపొడి డబ్బీ దొరికింది. రెండు వేళ్ళ నిండా తీసి రెండు ముక్కుల్లోకీ ఎక్కించి, నడవలో అవ్వ ముందుకి వెళ్ళి నిలబడ్డాను. తుమ్ములు మొదలయ్యాయి. ఎలాంటి తుమ్ములు! కళ్ళలో నీళ్ళు ధారగా, మాట రాకుండా, స్తంభం పట్టుకుని తుమ్మాను. లోపల్లోపల సంతోషం: ఇక వేరే సట్టి, వేరే గరిటె. అవ్వ చేతిలో పని ఆపి, నా గడ్డం పట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టి నా పైపెదవి వాసన చూసింది.

"ఏమయ్యా," అని వాకిట్లో ఉన్న తాతని కేకేసింది, "నీ డబ్బీ ఎక్కడ పెట్టుకోని ఉండావు? నీ వారసు ఈడ ఉండాది సూడు!"

తాత నవ్వాడు, నాయన నవ్వాడు. కిటికీ గోనెపట్టా పక్కకి తీసి చూసి అక్క నవ్వింది. నవ్వి నవ్వి ఊపిరి అందక ఆ పిల్లనగోవి చప్పుడు మొదలైంది. అంతే, అవ్వ నా వీపు మీద ఒకటి వేసి, "దాన్ని నవ్విస్తావా, పాపిష్టిదానా!" అని గదిలోకి పరిగెత్తింది. ఆ పూట అక్కకి మందుకూడు రెండోసారి పెట్టారు. నాకు ముక్కు మంట మూడు రోజులు ఉంది, తుమ్ములు మాత్రం సాయంత్రానికే పోయాయి.

ఇవన్నీ నేను మరిచిపోయాననే అనుకున్నాను. అక్క డబ్బా మూత తీసేదాకా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క విషయం చెప్పింది. కూతురూ ఇద్దరు మనవరాళ్ళూ తన ఇంట్లోనే ఉంటారు. పెద్దదానికి ఏడేళ్ళు, గాలి మొదలవగానే ఈల మొదలవుతుందట, అచ్చం అక్కలాగే. డాక్టరు పీల్చే మందు ఇచ్చాడు, దానివల్ల పిల్ల బడికి పోగలుగుతోంది.

"అది ఆపేసి ఈ పొడి పెడదామని కాదు కదా?" అన్నాను.

"ఆపేదానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? మందు మందే. ఇది కూడుతో పోతాది. నోటికి రుచి లేక పిల్ల ఏమీ తినేదే లేదు. నాకు ఆ గాలి నెలల్లో ఆ ముద్ద ఒకటిదా దిగేది. తిన్నాక ఏడిచేదాన్ని కాదు. అది దానికీ కావల్ల."

"చిన్నదానికి?"

"దానికేమి, గట్టి పిల్ల" అంది అక్క, పళ్ళెం తీస్తూ.

అక్క మళ్ళీ పొడి దగ్గరికే వచ్చింది. "కడాన ఒక పులుపు ఉంటా ఉండె జయా. నెయ్యి, కారం అంతా పోయినాక, గొంతులోకి దిగేటప్పుడు. చింతపండు వేసి చూసినా. నిమ్మకాయ వేసినా. ఎండు మామిడి కూడా వేసినా. అది కాదు. ఎన్నమో, ఏదో ఒక పులుపు."

నాకు అప్పుడు తెలిసింది. చేతిలో గిన్నె కడుగుతున్నదాన్ని కుళాయి కట్టేశాను. పుల్లమజ్జిగ. మిరియాల్లో ఊరి, ఎండలో ఎండి, లోపలే ఉండిపోయిన మజ్జిగ. ఇన్నేళ్ళూ నాకు అది కోళ్ళని తోలిన పని. అది ఒక రుచి అని నాకు తెలియదు. అక్కకి అది రుచి, దాని వెనక ఒక మంచం, ఒక కర్ర, ఒక గట్టి పిల్ల ఉన్నాయని తనకి తెలియదు. ఎవరూ నాలుక పెట్టకూడదన్న ఆ కట్టు వల్ల అవ్వ వంట రెండు ముక్కలై, ఒకటి అక్క నోట్లో, ఒకటి నా చేతుల్లో ఉండిపోయింది.

చెప్పెయ్యవచ్చు. ఒక్క మాట. చెప్పలేదు. కుళాయి మళ్ళీ తిప్పి గిన్నె కడిగాను. దాచుకోవడంలో ఇంత సుఖం ఉంటుందని ఆ సాయంత్రం తెలిసింది. అక్క దగ్గర లేనిది, నా దగ్గర ఉన్నది, పుట్టి బుద్ధెరిగాక అదొక్కటే. తనకి ఇచ్చేద్దామా? ఆ నెయ్యి, ఆ దిండ్లు, అవ్వ పక్క చోటు, అన్నీ తీసుకుని ఇప్పుడు దీన్ని కూడా తీసుకుపోతుందా? ఒక పక్క పాపం పసిపిల్ల, తిండి తినడం లేదట అని తెలుస్తూనే ఉంది. అయినా మంచం మీద పడుకుని రెండు పూటలు ఆ మజ్జిగని మనసులో ముంత మూసి పెట్టుకున్నాను.

మర్నాడు అక్క ఆకుకూరలు అమ్మే ఆమె దగ్గర తూదువళై రెండు కట్టలు కొనుక్కొచ్చి, నాలుగోసారి చేస్తానని హాల్లో చేట ముందేసుకుని కూర్చుంది. నేను పేపరు అడ్డం పెట్టుకుని చూశాను. ఆకుని కొస నుంచి కాడకి లాగుతోంది. తిరగెయ్యనైనా లేదు. రెండో ఆకుకే "అబ్బా!" అని వేలు నోట్లో పెట్టుకుంది. తేనిలో మూడుసార్లూ మిక్సీ ముళ్ళతో కలిపే తిప్పిందన్నమాట. ఆ పిల్ల తినకపోవడంలో ఆశ్చర్యం ఏముంది! ఐదో ఆకు, ఆరో ఆకు. వేలికొసన రక్తం చుక్క. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆ ఆకు తిని పెరిగిన మనిషి, దానికి ముల్లు ఉంటుందని ఇప్పుడు కనుక్కుంటోంది.

అసూయ ఎంతైనా ఓర్చుకోగలను. చెడిపోతున్న పనిని చూస్తూ ఊరుకోలేను.

"ఇట్ల తే!" అని చేట లాక్కున్నాను. "ఇదేమి వలిచేది? కోడిని పీకినట్టు పీకుతా ఉండావు. తిరగెయ్యి. కాడ పట్టుకో. కొసకి లాగు. సూసినావా?"

"ఓహో, అట్లనా? నాకెవరు చెప్పినారు?"

"నాకెవరు చెప్పినారు?" అన్నాను.

ఇద్దరం వలిచాం. నా వేళ్ళు మరిచిపోలేదు, నాకే సిగ్గేసింది వాటి తొందర చూసి. మధ్యలో లేచి, మిరియాల డబ్బా తీసి, ఫ్రిజ్‌లో పులిసిపోయిందని పారబొయ్యబోతున్న మజ్జిగలో రెండు గుప్పెళ్ళు వేశాను. అక్క చెయ్యి ఆగిపోయింది.

"అదేమి?"

"నీ పులుపు."

అక్క ఆ గిన్నె మీదకి వంగి వాసన చూసింది. చాలాసేపు లేవలేదు.

ఆకు ఆరడానికి, మిరియాలు ఎండడానికి నాలుగు రోజులు పట్టింది. మేడ మీద గుడ్డ పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, పక్కన కుర్చీ వేసుకుని మాస్కు కట్టుకుని నేనే కూర్చున్నాను. అక్కని రమ్మన్నాను, గాలి పడదని రాలేదు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. తేడా ఏమిటంటే, ఇప్పుడు నాకూ పడదు. అప్పుడు రోట్లో దంచితే వీధి చివరిదాకా తెలిసేది, ఇప్పుడు మిక్సీలో రెండు నిమిషాల గోల. శొంఠి, జీలకర్ర, వేపిన కందిపప్పు, ఉప్పు అన్నీ చేరాక అక్క వేడి అన్నంలో నెయ్యి పోసి, కలిపి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ముఖం మీద ముడతలన్నీ ఒక్కసారి సర్దుకున్నాయి. అరవైకి దగ్గరపడిన ముఖంలోంచి ఆ గది, ఆ గోనెపట్టా, ఆ చెయ్యి నాకు కనిపించాయి.

"ఇదేదా" అంది, అదే రుచి అన్నట్టు తల ఊపి. "జయా, ఇదేదా."

నేను గట్టుకి ఆనుకుని నిలబడ్డాను. ఇప్పుడు పెడుతుంది అనుకున్నాను. ముద్ద కలిపింది, ఎత్తింది, తన నోట్లోనే పెట్టుకుంది. తరవాత నాలుక చప్పరించి, "చాలు, ఎక్కువ తినకూడదు. పాప మందు. గుణం పోతాది" అని డబ్బా మూత బిగించింది. సాయంత్రం బస్సెక్కించాను. చెయ్యి ఊపింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

ఇంటికి వచ్చి మిక్సీ జారు కడగబోయి ఆగాను. బ్లేడు కింద కాస్త పొడి అతుక్కుని ఉంది. వేలితో గీకి నోట్లో పెట్టుకున్నాను. చేదు. గరగరా గొంతు గీరే చేదు, పైన మిరియాల మంట, కడాన ఆ పులుపు, అది కూడా ఏదో మాగిపోయిన పులుపు. దీనికా? దీని కోసమా నేను ముక్కుపొడి పీల్చింది, వీపు మీద దెబ్బ తిన్నది, ఇన్నేళ్ళు కొబ్బరినూనె వాసనకి పళ్ళు నూరింది? మాత్ర వేసుకుని పడుకున్నాను. తుమ్ములు ఏమీ తగ్గలేదు, పక్కింటావిడకి ఈ సంగతి చెప్పదలుచుకోలేదు.

రెండు రోజుల తరవాత అక్క వీడియో కాల్ చేసింది. పెద్దపిల్ల ముందు గిన్నె. పిల్ల ముఖం చిట్లించి, అయినా నోరు తెరుస్తోంది. "చూడు, తింటా ఉండాది! నాలుగో ముద్ద!" అని అక్క ఫోను ఎక్కడో ఆనించి రెండు చేతులా సంబరపడింది. నాకు ఆ పిల్ల వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్న చిన్నది కనిపించింది. నాలుగేళ్ళు ఉంటాయేమో. చేతిలో సగం కొరికిన బిస్కెట్టు. దాని చూపు బిస్కెట్టు మీద లేదు. అక్క చెయ్యి గిన్నెలోంచి లేస్తే దాని తల లేస్తోంది. చెయ్యి పెద్దదాని నోటి దగ్గరికి పోతే దాని నోరు కొంచెం తెరుచుకుంటోంది.

"అక్కా, వెనకున్న దానికి పెట్టు."

"దేనికి?"

"చిన్నదానికి. ఒక ముద్ద."

"దానికెందుకే? అది గట్టి పిల్ల. గుణం పోతాది, అవ్వ చెప్పేది లేదా?"

"పోనీ, పోతే పోనీ! నేను తినలేదు అక్కా. ఎప్పుడూ తినలేదు. ఉప్పు తక్కువని నీతో చెప్పింది అబద్ధం. నాకు ఆ రుచే తెలీదు."

అక్క తెర వైపు చూసింది. నా వైపు అలా చూసిన గుర్తు నాకు లేదు.

"ఒక తూరి కూడానా?"

"ఎవరు పెట్టినారు?"

అక్క గిన్నె దగ్గరికి లాక్కుంది. గిన్నెలో ముద్ద కలిపింది. చెంచాతో నెయ్యి ఇంకొంచెం పోసి, అది కారడం ఆగేదాకా పట్టుకుంది. "ఇట్ల రా తంగం" అని చిన్నదాన్ని పిలిచింది. అది బిస్కెట్టు కింద పడేసి పరిగెత్తుకొచ్చి, నోరు ఇంతకింత తెరిచింది. చేదు తగిలి కళ్ళు గట్టిగా మూసుకుంది, మింగింది, మళ్ళీ తెరిచింది.

నేనే పెట్టించాను. అయినా చెబుతున్నాను, దాన్ని చూసి నాకు కడుపు మండింది.